ముందు సున్నా, తర్వాతే ఆకు

పోయిన నెల ఖమ్మంలో నాకు ఆపరేషన్ అయింది. పిత్తాశయంలో రాళ్లు. పరామర్శకు వచ్చినవాళ్లకు నలభై రాళ్లు తీశారని చెబుతున్నాను. ఆస్పత్రి కాగితంలో పదకొండని ఉంది. ఆ కాగితం నా దిండు కింద ఉంది కనుక ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేదు.

బల్ల మీద పడుకోబెట్టాక, మత్తు ఇచ్చే డాక్టరమ్మ నా తల దగ్గర నిలబడి మిషన్ గొట్టాలు సరిచేసుకుంటోంది. మా మనవరాలి వయసుంటుంది. ఆ మిషన్ పక్కన అద్దంలాంటి డబ్బా ఒకటి, దాని నిండా తెల్లటి గుళికలు. చూడగానే గుర్తుపట్టాను. తల ఎత్తి అడిగాను.

"డాక్టరమ్మా, ఆ సున్నం ఎప్పుడు మార్చిన్రు?"

ఆమె చేయి ఆగింది. ఆ గుళికలు సోడా సున్నం. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని మింగేస్తాయి. మింగీ మింగీ నిండిపోయాక ఊదారంగుకు తిరుగుతాయి. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు. కడుపునొప్పితో వచ్చిన ముసలాడికి తెలియాల్సిన పని లేదు.

"ఈ పొద్దునే మార్చాం తాతా. ఎందుకు?"

"ఊదారంగుకొచ్చింది గూడ పక్కన పెడితే మళ్లా తెల్లబడతది. చూసినోళ్లు కొత్తదనుకుంటరు. కాదది."

"మీరేం పని చేసేవారు?"

"గ్యాస్ అనలైజర్ ఇంజనీర్ని," అని కళ్లు మూసుకున్నాను, ఇంకో ప్రశ్న రాకుండా.

నేను ఏ ఇంజనీర్నీ కాదు. భద్రాచలం అడవి అంచున అప్పట్లో ఒక చెట్ల పరిశోధన ప్రాజెక్టు నడిచేది. అందులో ఫీల్డ్ అసిస్టెంటుని. అదీ నేను పెట్టుకున్న పేరే. హాజరు పట్టీలో మాత్రం 'సహాయకుడు' అని ఉండేది. పెట్టెలు మోసేవాణ్ణి, గొట్టాలు చుట్టేవాణ్ణి, అన్నం వండేవాణ్ణి. సున్నం గురించి నాకు తెలిసిన ప్రతి ముక్కా ఒక మనిషి పెట్టిన భిక్ష. మత్తు ఎక్కబోయే ముందు, దేవుడు గుర్తుకు రావాల్సిన చోట, ఆమె గుర్తుకొచ్చింది.

సెల్‌ఫోన్లు మా వైపు కొత్తగా వస్తున్న రోజులవి. సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. మా ప్రాజెక్టులో గాలి కొలిచే మిషన్ చూసుకునే పనికి ఆమె పాల్వంచ నుంచి బస్సులో దిగింది. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, పత్తి చేలో కూలికి వెళ్లే ఆడవాళ్లలాగా. కళ్లద్దాలకు బూటు తాడు కట్టి మెళ్లో వేలాడేసుకుంది. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు తిప్పి పెట్టుకునేది. గొట్టం పట్టుకున్న చేయి తిప్పకుండానే టైము చూసుకోవచ్చని కారణం. అంతకుముందు ఏదో ఫ్యాక్టరీలో పొగగొట్టంలోంచి వచ్చే గాలిని కొలిచే మిషన్లు చూసేదట. "ఇన్నాళ్లు పొగ కొలిచిన, ఇప్పుడు ఆకు ఊపిరి కొలుస్త," అని నవ్వింది. వెంట తెచ్చిన మిషన్ పెట్టెను బస్సు టాపు మీద వెయ్యనివ్వలేదని, పాల్వంచ నుంచి ఒళ్లోనే పెట్టుకుని వచ్చిందని కండక్టరు నాతో మొత్తుకున్నాడు.

ఆ పెట్టె గురించి ఒక్క మాట చెప్పాలి. ఎక్కువ చెప్పను, ఎందుకంటే నాకు తెలిసిందే అంత. దానికి పొడుగు గొట్టం, గొట్టం చివర బట్టల క్లిప్పులాంటి మూత. ఆకును తుంచకుండా, కొమ్మనుండగానే, ఆ మూతలో పెట్టి నొక్కుతాం. ఆకు మీదుగా గాలి పోతుంది. పోయే ముందు గాలిలో బొగ్గుపులుసు గాలి ఎంత, ఆకును దాటాక ఎంత అని పెట్టెలోని రెండు కళ్లు చూస్తాయి. తగ్గినంతా ఆకు తిన్నట్టు. బడిలో కిరణజన్య సంయోగక్రియ అని బట్టీపట్టి దెబ్బలు తిన్నది ఇదే. ఆమె మాత్రం "ముద్ద తిన్నదా, లేదా" అనేది, పసిపిల్ల గురించి అడిగినట్టు.

కానీ ఏ ఆకు దగ్గరికీ నేరుగా పోనిచ్చేది కాదు. పొద్దున్నే పెట్టె తెరిచి, సోడా సున్నం నింపిన గొట్టం తగిలించి, దాని గుండా గాలి పంపేది. సున్నం మింగేసింది కనుక ఆ గాలిలో బొగ్గుపులుసు ఉండకూడదు. మిషన్ సున్నా చూపాలి. చూపకపోతే సున్నాకు తేవాలి. గోటితో గొట్టాన్ని రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి, "చెప్పు నాయనా" అనేది. అంకె దిగుతుంటే ఆమె పెదవులు కూడా కదిలేవి. ప్రార్థన చేస్తోందేమోనని మొదట్లో నేను చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఆమె చర్చికి పోయే మనిషే. ఆదివారం పాల్వంచలో ఉంటే ఆరాధన తప్పదు. అయితే మిషన్ ముందు చేసేది ప్రార్థన కాదని తర్వాత తెలిసింది. క్షణాలు లెక్కపెట్టుకునేది.

"కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ ముల్లు చూడవా అన్నా? గిది గూడ గంతే. ముందు సున్నా, తర్వాతే ఆకు."

ఈ మాట నేను రోజూ విన్నాను. వానొచ్చినా వినేవాణ్ణి, జ్వరమొచ్చినా వినేవాణ్ణి. ప్రాజెక్టు నడిపే డాక్టరుగారు, అంటే చెట్ల డాక్టరు, ఒకరోజు ఎండ పోతోందని తొందరపెడితే ఆయనకూ ఇదే మాట వినిపించింది. ఆయన గడియారం చూసుకుంటూ చెట్టు కింద కూర్చున్నారు, నాతో పాటే.

మనిషి ఊపిరంటే ఆ మిషన్‌కు పడదు. మనం వదిలే గాలి దాని నోట్లో పడితే అంకె గంతులేస్తుంది. అందుకే ఆకు పట్టినప్పుడు అందరం గాలికి ఎదురు కాకుండా, పక్కకు మొహం తిప్పి నిలబడాలి. ఆ మిషన్ అంకెను చూసి, వెనక్కి తిరక్కుండానే, వచ్చింది ఎవరో ఆమె చెప్పేదని నేను చాలామందికి చెప్పాను. డాక్టరుగారు వస్తే పది పెరుగుతుందని, నేనొస్తే ఇరవై అని. అది అతిశయోక్తి. నిజంగా జరిగింది ఒక్కసారే. నేను ఇరవై అడుగుల దూరంలో నల్లమద్ది చెట్టు చాటున బీడీ ముట్టించాను. గాలి అటునుంచి ఇటు తిరిగింది.

"అన్నా, బీడీ ఆర్పు," అన్నది, తెర మీంచి కళ్లు తీయకుండా.

సైన్సు కోసం బీడీ మానేశానని మా ఇంట్లో చెప్పుకున్నాను. మానింది ఆమె భయానికి.

నిలకడైన గాలి కావాలని ఇంకో పని చేయించింది. తాగునీళ్ల పెద్ద ప్లాస్టిక్ క్యాను ఖాళీది తెచ్చి, పొడుగు వెదురుబొంగు కొసకు కట్టించి నిలబెట్టింది. పైనుంచి వచ్చే గాలి ఆ క్యానులో చేరి, సర్దుకుని, గొట్టంలోకి దిగుతుంది. మేం క్యాంపు వేసిన కోయగూడెంలో ఒక ముసలాయన మొదటిరోజు ఆ బొంగు కింద చాలాసేపు నిలబడి పైకి చూశాడు. చివరికి నన్ను పక్కకు పిలిచి, కల్లు దిగడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. రేపటికి దిగుతుందని చెప్పాను. మర్నాడు సొరకాయ బుర్ర పట్టుకుని వచ్చాడు. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి, ఆకు మూతలో పెట్టి, తెర మీద అంకె తగ్గుతుంటే చూపించింది. ఆయనకు చదువు లేదు, కానీ తగ్గడమంటే తెలుసు.

"అంటే ఇది తింటున్నది," అన్నాడు.

"అవ్ పెద్దయ్యా, తింటున్నది."

"అయితే మేడమ్మా, ఏ మొక్క ఎక్కువ తింటదో చెప్పు. దాన్నే పెడత."

అసలు పనే అది. జామాయిల్‌లో రెండు రకాల మొక్కలు. ఆకు కాడ రంగును బట్టి మేం వాటిని ఎర్రకాడ, తెల్లకాడ అని పిలిచేవాళ్లం. అడవి అంచు చేలల్లో, ఎండలకు ఏది తట్టుకుంటుందో కొలిచి చెప్పాలి. ఆ మాటను బట్టి నర్సరీలో ఆ రకమే పెంచి రైతులకు పంచుతారు. ముసలాయన అప్పటికే తన చేను దున్ని పెట్టుకుని కూర్చున్నాడు. పెడితే కొట్టేదాకా నాలుగైదేళ్లు అదే మొక్క. తప్పు మొక్క పెడితే తప్పు తెలిసేదాకా ఆ ఏళ్లన్నీ పోతాయి. అందుకే రోజూ పొద్దున్నే వచ్చి మా మిషన్ పక్కన గొంతుకూర్చునేవాడు, మా ఊపిరి దానికి తగలకుండా మాకంటే జాగ్రత్తగా మొహం తిప్పుకుని.

ఆ క్యాంపు పన్నెండు రోజులు. గూడేనికీ మా ఆఫీసుకీ మధ్య వాగు, మట్టిదారి, తర్వాత బస్సు. గాలి సిలిండరు ఆఫీసులోనే ఉండేది. అది నా అంత ఎత్తు అని చెబుతుంటాను. నా రొమ్ము దాకా ఉంటుంది. ఆ సిలిండరులో బొగ్గుపులుసు గాలి ఎంతుందో దాని మీద చీటీ అంటించి ఉంటుంది. క్యాంపుకు పోయే ముందూ, వచ్చాకా మిషన్‌కు ఆ గాలి పట్టి, చీటీ అంకె, తెర అంకె ఒకటేనా అని చూస్తారు. మధ్యలో రోజూ చూసుకునేది సున్నా ఒక్కటే. అంటే ఆ పన్నెండు రోజులూ అంతా సున్నం మీదే ఆధారం.

సామాన్లు సర్దే పని నాది. అన్నీ సర్దాను. బియ్యం మర్చిపోలేదు, చింతపండు మర్చిపోలేదు. కొత్త సున్నం సీసా ఆఫీసు అలమారలో మర్చిపోయాను.

ఐదో రోజు సాయంత్రం ఆమె గొట్టం వెలుతురుకు పట్టి చూసి, సున్నం ఊదారంగుకొస్తోంది, కొత్తది వెయ్యమని చెప్పి స్నానానికి వాగుకు పోయింది. నేను సంచులన్నీ వెతికాను. లేదు. అప్పుడు పాత సున్నం పోసే సీసా కనబడింది. పోయిన నెలంతా వాడి తీసేసిన గుళికలు అందులోనే పోసేవాళ్లం. వెలుతురుకు పట్టి చూస్తే మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి.

నన్ను మరీ వెర్రివాడని అనుకోకండి. మా దగ్గర ఇంకో రకం గుళికలు ఉండేవి, గాలిలో తేమ పీల్చేవి. అవి నీలంగా ఉండి, తేమ పడితే గులాబీ రంగుకు తిరిగేవి. వాటిని ఇనప మూకుట్లో వేయించితే మళ్లీ నీలం వచ్చేది, మళ్లీ వాడుకునేవాళ్లం. ఆ వేయించే పని నాదే. పల్లీలు వేయించినట్టు మాడకుండా తిప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆమే ఒప్పుకుంది. కాబట్టి రంగు తిరిగొస్తే సత్తువ తిరిగొచ్చినట్టే అనుకున్నాను. ఇవి మూకుడు కూడా అక్కరలేకుండా వాటంతటవే బాగుపడ్డాయి, ఇంకా మంచి జాతివి అనుకున్నాను. గొట్టం నింపేశాను.

ఆమె వాగు నుంచి వచ్చి, జుట్టు తుడుచుకుంటూ అడిగింది.

"కొత్తదే వేసినవా అన్నా?"

"కొత్తదే."

ఆ ఒక్క మాటే నేను ఇక్కడ రాయాలనుకున్నది. తెలియక వేసింది పొరపాటు. 'కొత్తదే' అన్నది పొరపాటు కాదు.

మర్నాటి నుంచి వాగు అవతలి చేలో తెల్లకాడ కొలిచాం, ఏడు రోజులు. మొదటి ఐదు రోజులూ కొలిచింది ఎర్రకాడ. రోజూ పొద్దున ఆమె గోటితో టక్ టక్‌మని కొట్టేది. సున్నా వచ్చేది. రోజు గడిచేకొద్దీ తెల్లకాడ అంకెలు నీరసంగా ఉన్నాయని ఆమె ఒకటి రెండుసార్లు అన్నది. చెట్టు గుణమేమో అనుకుంది. ముసలాయన కూడా విని, "అయితే ఎర్రదే పెడతలే," అన్నాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి సిలిండరు గాలి పట్టారు. తెర అంకె చీటీ అంకెకు బాగా కింద ఆగిపోయింది. ఆమె మూడుసార్లు పట్టింది. మూడుసార్లూ అక్కడే. గొట్టాలు మార్చింది, నాలుగోసారి కూడా అక్కడే. అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూసింది ఆ రోజే అనుకుంటాను.

సున్నం సగం మింగి సగం వదిలేసింది. ఆ వదిలేసిన గాలినే మిషన్ సున్నా అని నమ్మింది. సున్నా తప్పితే ఆ మిషన్‌లో తేడా కూడా కురచగా పడుతుంది, అంటే అక్కడినుంచి కొలిచిన ప్రతి ఆకూ తక్కువ చేసి కొలిచినట్టే.

ఆ వారంలోనే పైనుంచి ప్రాజెక్టును చూసేవాళ్లు వస్తున్నారు. లెక్కలు చూపించకపోతే ఇంకో ఏడాది నడవదు. డాక్టరుగారు చెడ్డవారు కాదు, తొందరలో ఉన్నారు. మిషన్ పాతబడింది, అంతో ఇంతో తేడా మామూలే, ఆ తేడా అన్ని రోజులకూ సమానంగా కలిపేసి సంతకం పెట్టమన్నారు. సంతకం ఆమెది. కొలత సరిగ్గా ఉందని ఆమె సంతకం చేస్తేనే లెక్క చెల్లుతుంది. ఆమె కాంట్రాక్టు కూడా ఆ నెలాఖరుకే అయిపోతుంది. కొత్తది రాయాల్సింది డాక్టరుగారే.

"ఏ రోజు చెడ్డదో తెల్వకుండా ఎట్ల కలుపుత సార్? మంచి రోజులు గూడ చెడిపోతయ్," అన్నది. తర్వాత నెమ్మదిగా, "ఆ అంకె చూసి చేన్ల మొక్క పెట్టేటోడు ఒకడున్నడు," అన్నది.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఏ రోజో నాకు తెలుసు. నోరు తెరిస్తే ఐదు రోజుల లెక్క దక్కుతుంది. తెరవకపోతే పన్నెండూ పోతాయి, లేదా పన్నెండూ అబద్ధమవుతాయి. నేను గిన్నెలు కడగడానికి పోయాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మర్నాడు పొద్దున నన్ను వరండాలోకి పిలిచింది. బల్ల మీద రెండు సాసర్లు, రెండు స్ట్రాలు, ఒక సీసా. ఆ సీసా అలమారలో నేను మర్చిపోయిన కొత్త సున్నం. మూత మీద సీలు పగల్లేదు. ఆమె దాన్ని నా ముందు పెట్టి, నా ముందే సీలు చించింది. నా మొహం వైపు చూడలేదు. కొత్త గుళికలు ఒక సాసర్లో పోసింది, మిషన్ గొట్టంలోవి రెండో దాంట్లో. రెండూ తెల్లగానే ఉన్నాయి. రెండో సాసర్లోకి స్ట్రాతో ఊదమని నాకు చెప్పింది, మొదటిదాంట్లోకి తాను ఊదింది. ఆమె సాసరు తెల్లగానే ఉంది. నాది చూస్తుండగానే ఊదారంగుకు తిరిగింది.

ఆమె స్ట్రా పక్కన పెట్టి, మునుపు పనిచేసిన ఫ్యాక్టరీ సంగతి చెప్పింది. ఒకరోజు బిడ్డకు జ్వరం. ఇంటికి పోయే తొందరలో సున్నా చూడకుండానే చూసినట్టు పుస్తకంలో రాసిందట. ఏ ప్రమాదమూ జరగలేదు, ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తెలియలేదు కాబట్టే మర్చిపోలేకపోయానని చెప్పింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నాకు పేరు అక్కరలేదు అన్నా. పేరుతోని మిషన్‌కు పని లేదు. తేదీ గావాలె."

"ఐదో రోజు సాయంత్రం," అన్నాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకంలో రాసింది. ఐదో రోజు సాయంత్రం గొట్టంలో వాడేసిన సున్నం పడింది, ఆరో రోజు నుంచి కొలతలు చెల్లవు, మళ్లీ కొలవాలి. కింద తన సంతకం పెట్టింది. నేను చూస్తుండగానే పెట్టింది.

డాక్టరుగారు పుస్తకం చదివి, ఇది ఎవరి పని అని అడిగారు. నేను అప్పుడు కూడా గుమ్మం దగ్గరే ఉన్నాను.

"కింద సంతకం నాదే ఉన్నది గద సార్," అన్నది.

నేను బయట జామాయిల్ చెట్లవైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఆమెకు మెమో ఇచ్చారు, అజాగ్రత్త అని. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి మిషన్ పెట్టె అడుగున పరిచింది. కుదుపులకు మెత్తగా ఉంటుందట. కాంట్రాక్టు ఏడాదికి కాకుండా మూడు నెలలకే రాశారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు ఐదు రోజుల మంచి లెక్క, ఏడు రోజుల తప్పు లెక్క, తప్పు ఎలా పడిందో రాసిన పేజీ, మూడూ వాళ్ల ముందు పెట్టింది. వాళ్లు ఆ పేజీనే ఎక్కువసేపు చదివారు. మళ్లీ కొలిచి పంపండి, అప్పటిదాకా ప్రాజెక్టు ఆగదు అన్నారు.

మళ్లీ వెళ్లాం. వాగు నిండుగా ఉంది. మిషన్ పెట్టెను నెత్తిన పెట్టుకుని, మెడదాకా నీళ్లలో దాటించానని చెప్పుకుంటాను. మోకాళ్లకు కొంచెం పైకి వచ్చాయి. పెట్టె మోసింది మాత్రం నేనే, అది నిజం. ఆమె నా వెనకే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, పెట్టె ఒరిగితే పట్టుకోవడానికి ఒక చేయి పైకి చాపి నడిచింది. నేను పడితే పట్టుకుంటావా అని అడిగాను. నువ్వు ఈదుకోగలవు అన్నది.

ఈసారి రెండు రకాలనూ ఒకే రోజు, మార్చి మార్చి కొలిచాం. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఎర్రకాడ నోరు మూసుకుంది. తెల్లకాడ ఇంకా తింటూనే ఉంది. తెర మీద ఆ అంకె చూసి ఆమె నవ్విన నవ్వు, అబ్బ, మా ఇద్దరు కోడళ్లూ ప్రసవించినప్పుడు కూడా మా ఇంట్లో అలాంటి నవ్వు చూడలేదు. ముసలాయన్ని పిలిచి చూపించింది. నిన్నటిదాకా ఎర్రదన్నాం, తప్పు మాదే, ఇప్పుడు సరిగ్గా చూసి చెబుతున్నాం అని ఆయనతో చెప్పుకుంది. ఆఫీసు పుస్తకంలో తప్పు రాసుకునేవాళ్లను తర్వాత కూడా ఒకరిద్దరిని చూశాను. చేను గట్టు మీద కూర్చున్న మనిషికి తప్పు చెప్పుకున్నవాళ్లను ఇంకెవరినీ చూడలేదు.

ఆయన తెల్లకాడ పెట్టాడు. ఆ చెట్లు భద్రాచలం గోపురమంత పెరిగాయని నేనంటే నమ్మకండి. కానీ రెండుసార్లు కొట్టి అమ్మాడు, మూడోసారి మోళ్ల నుంచి చిగుళ్లు వేశాయి. అవి చూడటానికే ఒకసారి బస్సెక్కి పోయాను. ఒక ఆకు పట్టుకుని, ఊపిరి బిగబట్టి కాసేపు నిలబడ్డాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవారు.

ఆ సాసర్ల రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టింది. సున్నం మార్చిన ప్రతిసారీ గాయాలకు అంటించే తెల్ల ప్లాస్టరు ముక్క గొట్టానికి అంటించి, దాని మీద తేదీ నాచేత రాయించేది. నాచేతే. తాను రాసేది కాదు. ఆ మూడు నెలలూ, తర్వాత ఇంకో ఏడాదిన్నరా, ప్రాజెక్టు అయిపోయేదాకా ఆ గొట్టాల మీద ఉన్నదంతా నా చేతిరాత. నా జీవితంలో నేను రాసిన వాటిలో ఒక్క కొట్టివేత కూడా లేనిది అదొక్కటే. "కొత్తదే వేసినవా అన్నా?" అని మళ్లీ ఒక్కనాడూ అడగలేదు. తేదీ చూసుకునేది, అంతే.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన సంగతి. ఆమె పోయి రెండేళ్లు దాటింది. పాల్వంచలో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టారు, నేనూ వెళ్లాను. పాస్టరుగారు తెలిసినవాళ్లను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. వాగు చెప్పాను, కల్లు క్యాను చెప్పాను, అందరూ నవ్వారు. నవ్వేసరికి నాకు ఊపొచ్చింది. సిలిండరు దగ్గర తప్పు పడితే సున్నమే చెడిందని కనిపెట్టింది నేనేనని చెప్పాను. సాసర్ల ఉపాయం కూడా నాదేనన్నాను. ఆమె బిడ్డ ముందు వరుసలో కూర్చుని నాకు దండం పెట్టింది. నేను దండం తీసుకుని కూర్చున్నాను.

ఆ బిడ్డకు ఈ వ్యాసం అచ్చయ్యాక పంపిస్తాను. అమ్మా, ఆ సున్నం చెడగొట్టింది నేను. కనిపెట్టింది మీ అమ్మ. మెమో తీసుకుంది కూడా మీ అమ్మ.

ఆపరేషన్ అయిన మూడో రోజు మత్తు డాక్టరమ్మ వార్డుకు వచ్చింది. "ఇంజనీర్ గారూ, ఎలా ఉన్నారు?" అని పలకరించింది. పక్క మంచం మీది మనిషి నా వైపు గౌరవంగా చూశాడు. ఆ గౌరవాన్ని కాసేపు అనుభవించాను. తర్వాత ఆమెను స్టూలు మీద కూర్చోమని, ఇంజనీర్ని కాదని చెప్పి, మూకుడు నుంచి సాసర్ల దాకా ఉన్నదంతా చెప్పాను. మంచి పిల్ల, పూర్తిగా విన్నది. తమ సున్నం ఆ పొద్దున్నే మార్చింది నిజమేనని, కానీ మార్చిన తేదీ డబ్బా మీద రాసి లేదు కనుక నేనడిగితే తాను నోటిమాటగానే చెప్పాల్సి వచ్చిందని అన్నది. ఆ ముక్క తనకు ఆ రోజంతా గుర్తొస్తూనే ఉందట.

కోటు జేబులోంచి ప్లాస్టరు చుట్ట తీసింది. ముక్క కత్తిరించి, నా మంచం మీది పళ్లెం బోర్లించి, దాని మీద అంటించింది. "మొదటిది మీరే రాయండి తాతా," అని పెన్ను ఇచ్చింది.

ఎడమ చేతికి సెలైన్ ఉంది. కుడి చేత్తో మెల్లగా రాశాను, ఆ సున్నం మార్చిన తేదీ. ఇందులోనూ కొట్టివేత లేదు. ఆమె ముక్కను జాగ్రత్తగా ఊడదీసి, పక్కన మార్చినవాళ్ల పేరు కూడా రాయాలా అని అడిగింది.

"పేరుతోని మిషన్‌కు పని లేదమ్మా. తేదీ ఉంటే సాలు," అన్నాను.

చాలా మంచి మాట తాతా అని మెచ్చుకుంది ఆ పిల్ల. పక్క మంచం మనిషి కూడా తల ఊపాడు. నేను పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాను.

"ఆ మాట నాది కాదు," అన్నాను.